పప్పుగింజల గ్యాసుకు ఇంట్లోనే విరుగుడు
నానబోయండి... నీళ్లు మార్చండి... మెత్తగా ఉడికించండి

కొట్టంలో ఎడ్లున్న రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. దుక్కుల కాలం వచ్చిందంటే ఎడ్లకు ఉలవలు పెట్టాలి. ఆ ఉలవలను పచ్చిగా తెచ్చి గాబులో పోయడం మన పెద్దల అలవాటు కాదు. రాత్రి నానేసి, తెల్లవారి పెద్ద గంజులో మెత్తగా ఉడకబెట్టి, చల్లార్చి పెట్టేవారు. పచ్చి ఉలవ కడుపులో అరగదని, ఉబ్బరం చేస్తుందని వారికి అనుభవం మీద తెలుసు.

ఎడ్ల విషయంలో ఇంత శ్రద్ధ తీసుకున్న మనం, ఇంట్లో మనుషుల దగ్గరికి వచ్చేసరికి తొందరపడుతున్నాం. పొద్దున్నే పత్తి ఏరడానికో, నాట్లకో, కైకిలికో పోవాలి. గింజలను గంట సేపు నీళ్లలో వేసి, కుక్కర్లో నాలుగు విజిళ్లు పెట్టి దించేస్తున్నాం. సగం ఉడికిన ఆ గింజలు తిన్న ముసలమ్మకు కడుపుబ్బరం, పిల్లలకు కడుపునొప్పి. "నాకు శనగలు పడయి", "బొబ్బెర్లు తింటే గ్యాసు పడుతది" అని ఒక్కొక్కరే పప్పుగింజలను పళ్లెంలోంచి పక్కకు పెడుతున్నారు. చివరికి ఇంట్లో మిగిలేది అన్నం, నీళ్లలాంటి చారు, కారం మెతుకులు.

నష్టం ఇక్కడే జరుగుతోంది. జమ్మికుంట, హుజూరాబాద్, వీణవంక చుట్టుపక్కల చెల్కల్లో, రేగళ్లలో పత్తి సాళ్ల నడుమ నాలుగు సాళ్లు కంది వేసే రైతులు ఉన్నారు. గట్ల మీద బొబ్బెర, అనుములు పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. గింజ మన చేలోనే పండుతోంది. దాన్ని సంచిలో పోసి మార్కెట్‌కు తోలి, ఇంట్లో పిల్లలకు మాత్రం పప్పు పలుచన చేస్తున్నాం. మాంసం, గుడ్డు, పాలు రోజూ కొనలేని చిన్న రైతు ఇంటికి కండ పెంచే మాంసకృత్తులు చౌకగా దొరికేది పప్పుగింజల్లోనే. బియ్యంలో మాంసకృత్తులు నూటికి 7, 8 పాళ్లే. పప్పుగింజల్లో 20 నుంచి 25 పాళ్లు ఉంటాయి. పైగా బియ్యంలో తక్కువపడే లైసిన్ అనే పదార్థం పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువపడే మిథియోనిన్ బియ్యంలో, జొన్నలో, మక్కల్లో ఉంటుంది. అందుకే అన్నం, పప్పు కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

కాబట్టి గ్యాసు భయంతో గింజను మానేయవద్దు. వండే తీరు మార్చుకుంటే చాలావరకు ఇబ్బంది తగ్గుతుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసింది నీళ్లు, కొంత ముందుచూపు, సరిపడా మంట.

గ్యాసు ఎందుకు పడుతుంది?

పప్పుగింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే మూడు రకాల చక్కెరలు ఉంటాయి. ఇవి నాలుకకు తియ్యగా తగిలే చక్కెరలు కావు. గింజ ముదిరి ఎండే దశలో తనలో దాచుకునే నిల్వ సరుకు. మొలకెత్తేటప్పుడు మొలక వీటిని వాడుకుంటుంది.

వీటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. కాబట్టి ఇవి అరగకుండానే పెద్దపేగులోకి దిగుతాయి. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి ఇది విందు. అవి ఈ చక్కెరలను పులియబెట్టినప్పుడు హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ పుడతాయి. కడుపుబ్బరం, గడబిడ, వాయువు పోవడం అన్నీ దీని వల్లనే. ఇది జబ్బు కాదు. గడ్డి కుప్ప లోపల తడి ఉంటే వేడెక్కి ఆవిరి వచ్చినట్టే ఇదీ ఒక పులియడం.

ఈ చక్కెరలకు రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకటి, ఇవి నీళ్లలో కరుగుతాయి. రెండు, గింజ మొలకెత్తితే ఖర్చయిపోతాయి. మనం చేయవలసిన పని అంతా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంది. కంది, శనగ, మినుము, పెసర గింజల్లోని ఈ చక్కెరల మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 1978లో వెలువడింది. మొలకెత్తించినప్పుడు ఇవి తగ్గిపోతాయని అందులో తేలింది.

పచ్చి గింజలో దాగిన మరికొన్ని అడ్డంకులు

గ్యాసు ఒక్కటే సమస్య కాదు. మొక్క తన గింజను పురుగు నుంచి, పక్షి నుంచి కాపాడుకోవడానికి కొన్ని పదార్థాలను అందులో పెట్టుకుంటుంది. అవి మన అరుగుదలకూ అడ్డుపడతాయి.

మొదటివి ట్రిప్సిన్ నిరోధకాలు. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమును ఇవి కట్టేస్తాయి. ఇవి ఉన్నంత వరకు తిన్న పప్పు ఒంటికి పట్టదు. సోయాచిక్కుడులో, ఉలవల్లో ఇవి ఎక్కువ. బాగా ఉడికిస్తే నశిస్తాయి.

రెండోవి లెక్టిన్లు. ఇవి పేగు గోడకు అంటుకుని వాంతులు, విరేచనాలు చేస్తాయి. ఎర్ర రాజ్మాలో మరీ ఎక్కువ. ఇవి కూడా మరిగే వేడికి తట్టుకోలేవు.

మూడోది టానిన్. గింజ తొక్కలో ఉండే వగరు పదార్థం ఇదే. ముదురు రంగు తొక్క ఉన్న గింజల్లో ఎక్కువ. నాలుగోది ఫైటిక్ ఆమ్లం. ఈ రెండూ గింజలోని ఇనుమును, ఫైటిక్ ఆమ్లమైతే జింకును కూడా పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న మన పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. నానబోసి నీళ్లు పారబోస్తే, పొట్టు తీస్తే టానిన్ తగ్గుతుంది. మొలకెత్తిస్తే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది.

నానబోయడం ఇలా

మొదట గింజలను చేటలో చెరిగి రాళ్లు, పుచ్చులు ఏరివేయాలి. తరువాత నీళ్లలో పోసి కలపాలి. పైకి తేలినవి ఎక్కువగా పురుగు తొలిచినవే. వాటిని తీసి పారేయాలి. రెండుసార్లు కడగాలి.

ఒక గ్లాసు గింజలకు మూడు, నాలుగు గ్లాసుల నీళ్లు పోయాలి. శనగల వంటి గింజలు నానితే బరువు దాదాపు రెట్టింపవుతుంది. నీళ్లు చాలకపోతే పైన ఉన్న గింజలు సగమే నానుతాయి, తరువాత సగమే ఉడుకుతాయి.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్లలో గింజ ఎంతకీ మెత్తబడదు. నీళ్లలోని కాల్షియం గింజ తొక్కను గట్టిపరచడమే దీనికి కారణం. అలాంటి చోట నల్లా నీళ్లో, తియ్యటి నీళ్లో వాడండి. నానబోసే లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచా ఉప్పు కలిపినా తొక్క త్వరగా మెత్తబడుతుంది.

ఏ గింజను ఎంతసేపు నానబోయాలి?

పెసలు, బొబ్బెర్లు, మినుములు: 6 నుంచి 8 గంటలు.
శనగలు, ఎండు కందులు, ఎండు అనుములు: 10 నుంచి 12 గంటలు.
ఉలవలు, రాజ్మా, సోయాచిక్కుడు: 12 గంటలు.
కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు: అరగంట నుంచి గంట.

రాత్రి బువ్వ తిన్న తరువాత నానేస్తే పొద్దటికి సిద్ధంగా ఉంటాయి. పొద్దున చేనుకు పోయే ముందు నానేస్తే మాపటి వంటకు పనికొస్తాయి. ఈ మధ్యలో వీలైతే ఒకసారి నీళ్లు మార్చండి. ఎండాకాలంలో ఇది తప్పనిసరి. లేకపోతే నీళ్లు నురుగు కట్టి పులిసిన వాసన వస్తాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. నానబోసిన నీళ్లతో వండవద్దు. గ్యాసు చేసే చక్కెరలు, వగరు పదార్థం ఆ నీళ్లలోకే దిగి ఉంటాయి. వాటిని వంపేసి, గింజలను మళ్లీ కడిగి, కొత్త నీళ్లు పోసి ఉడికించాలి. వంపిన నీళ్లను పెరట్లో చెట్లకు పోయండి. ఈ నీళ్లతో కొన్ని విటమిన్లు కూడా పోతాయన్నది నిజమే. అయినా గ్యాసు భయంతో గింజనే మానేసిన మనిషికి ఆ కొద్ది నష్టం లెక్కలోది కాదు.

రాత్రి నానేయడం మరిచిపోయారా? దానికీ ఉపాయం ఉంది. గింజలను నీళ్లలో వేసి 2, 3 నిమిషాలు తెర్లనివ్వండి. పొయ్యి మీద నుంచి దించి, మూత పెట్టి గంట సేపు వదిలేయండి. ఆ నీళ్లు వంపేసి కొత్త నీళ్లతో వండుకోండి. రాత్రంతా నానినంత పని జరగకపోయినా, నానబోయకుండా వండిన దానికంటే ఎంతో మేలు.

మొలక వస్తే మరింత మేలు

నానిన గింజలను నీళ్లు వంపి, శుభ్రమైన పల్చటి నూలు గుడ్డలో వదులుగా మూట కట్టి, గాలి తగిలే చోట వేలాడదీయండి. పూటకు ఒకసారి నీళ్లు చల్లండి. పెసలు, బొబ్బెర్లు ఒక రోజులోనే ముక్కు పొడుస్తాయి. శనగలు, ఉలవలకు ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. చలికాలంలో ఇంకొంచెం ఆలస్యమవుతుంది.

మొలక వచ్చిన గింజలో గ్యాసు చేసే చక్కెరలు బాగా తగ్గుతాయి. ఇనుము ఒంటికి పట్టే గుణం పెరుగుతుంది. ఎండు గింజలో దాదాపు లేని సి విటమిన్ మొలకలో పుడుతుంది.

అయితే మొలకలను పచ్చిగా తినే అలవాటు గురించి ఒక హెచ్చరిక. గింజకు మొలక రావడానికి కావలసిన తడి, వెచ్చదనం రోగక్రిములకు కూడా అనుకూలమే. చిన్న పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు పచ్చి మొలకలు పెట్టవద్దు. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టించో, ఉడికించి పోపు వేసో పెట్టండి. జిగురు వచ్చినా, చెడు వాసన వచ్చినా ఆ మొలకలు పారేయాలి.

ఉడికించడంలో జరిగే పొరపాట్లు

చింతపండు పులుసు, టమాట ముందే వేయడం మొదటి పొరపాటు. పులుపు తగిలితే గింజ గట్టిగా ఉండిపోతుంది. గింజ వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడిన తరువాతే పులుపు వేయాలి.

తినే సోడా ఎక్కువగా వేయడం రెండోది. సోడా వేస్తే గింజ త్వరగా ఉడుకుతుంది. కానీ బి1 విటమిన్ నశిస్తుంది, రుచి సబ్బులా మారుతుంది. ముదిరిన గింజ అసలు ఉడకనప్పుడు చిటికెడు చాలు. బాగా నానబోసిన గింజకు సోడా అక్కర లేదు.

నురుగును గింజల్లోనే కలిపేయడం మూడోది. మొదటి తెర్లు రాగానే పైకి వచ్చే తెల్లటి నురుగును గంటెతో తీసివేయండి. కుక్కరైతే మూత పెట్టకుండా ఒక తెర్లు రానిచ్చి, నురుగు తీసి, అప్పుడు మూత బిగించండి. నురుగు విజిల్ రంధ్రంలో అడ్డుపడే ప్రమాదం కూడా తప్పుతుంది.

పలుకుగా దించడం నాలుగోది. ఇదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. గింజను బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య పెట్టి నొక్కితే లోపల పలుకు తగలకుండా మెదగాలి. కుక్కర్లో నీళ్లు 100 డిగ్రీలకు మించి, దాదాపు 120 డిగ్రీల వరకు వేడెక్కుతాయి కాబట్టి పని త్వరగా అవుతుంది. విజిళ్ల లెక్క కంటే గింజ మెత్తదనమే కొలత. నానిన గింజ తక్కువ సేపట్లో ఉడుకుతుంది కాబట్టి కట్టెలో, సిలిండరో ఆ మేరకు మిగులుతుంది.

పోపులో వేసే ఇంగువ, వాము, జిలకర, అల్లం, ఎల్లిగడ్డ గురించి కూడా చెప్పుకోవాలి. ఇవి రుచినిస్తాయి, చాలామందికి కడుపుకు హాయిగా ఉంటాయి. కానీ గింజలోని చక్కెరలను ఇవి తీసివేయలేవు. నానబోయకుండా వండి, ఇంత ఇంగువ వేస్తే సరిపోతుందనుకోవద్దు.

ఏ గింజ ఎవరికి?

అన్నిటికంటే తేలిక పెసర. జ్వరం పడి లేచినవారికి పెసరకట్టు పెట్టడం ఊరికే రాలేదు. పొట్టు తీసిన పెసరపప్పు ఇంకా తేలిక. అరుగుదల తక్కువ ఉన్నవారు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. సద్దుల బతుకమ్మకు పెసర్లు వేయించి విసిరి చేసుకునే సత్తు కూడా పిల్లలకు మంచి తిండి.

తరువాతది బొబ్బెర. నానబోసి మెత్తగా ఉడికించిన బొబ్బెర గుడాలు చాలామందికి పడతాయి.

కందిని ఇసుర్రాయి మీద పప్పు చేసుకుంటే పొట్టుతో పాటు టానిన్ పోతుంది. పచ్చి కందికాయ, పచ్చి అనపకాయ దొరికే రోజుల్లో వాటిని వదలవద్దు. గ్యాసు చేసే చక్కెరలు గింజ ముదిరే చివరి దశలో చేరతాయి కాబట్టి లేత గింజ తేలికగా అరుగుతుంది. ఉడికించి తినడం మాత్రం మరవద్దు.

శనగలు, మినుములు కొంచెం బరువు. శ్రావణ మాసంలో వాయినంగా ఇచ్చే నానిన శనగలను అలాగే నమలకుండా మెత్తగా ఉడికించి గుడాలు చేసుకోండి. మినుములు రుబ్బి పులియబెట్టిన ఇడ్లీ, దోసె పిండిలో సూక్ష్మజీవులే కొంత అరుగుదల పని ముందుగా చేసిపెడతాయి.

ఉలవలు పేదవాడి బలం. మాంసకృత్తులు, ఇనుము రెండూ ఉన్నాయి. కానీ తొక్క గట్టిది, అడ్డుపడే పదార్థాలూ ఎక్కువ. 12 గంటలు నానేసి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో బాగా ఉడికించాలి. ఆ ఉడికిన నీళ్లే ఉలవచారు. మొలకెత్తించి వండితే ఇంకా మంచిది.

ఎండు అనుములు కొన్ని చేదుగా ఉంటాయి. నానేటప్పుడు నీళ్లు రెండుసార్లు మార్చాలి. మొదటి తెర్లు వచ్చిన నీళ్లను కూడా వంపేసి, మళ్లీ కొత్త నీళ్లతో ఉడికించాలి.

రాజ్మా, సోయా విషయంలో అజాగ్రత్త వద్దు

మన ఇళ్లలోకి ఈ మధ్య ఎక్కువగా వచ్చిన గింజలు ఇవి రెండు. పెద్దల అనుభవం వీటి గురించి మనకు అందలేదు కాబట్టి తెలుసుకుని వండాలి.

విశాఖ మన్యంలోని చింతపల్లి వైపు గిరిజన రైతులు రాజ్మా పండిస్తారు. మన దగ్గర దుకాణంలో కొనుక్కుంటాం. ఎర్ర రాజ్మా సరిగా ఉడకకపోతే నాలుగైదు గింజలకే వాంతులు మొదలు కావచ్చు. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో లక్షణాలు కనబడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే జాగ్రత్త ఇది: 12 గంటలు నానబోయాలి, ఆ నీళ్లు పారబోయాలి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు గలగలా తెర్లించాలి. ఆ తరువాత మెత్తబడే దాకా ఉడికించాలి. సన్నటి సెగ మీద, తెర్లు రాకుండా గంటల తరబడి మగ్గబెడితే విషగుణం పోదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు సోయాచిక్కుడు పెద్ద ఎత్తున పండుతుంది. మాంసకృత్తులు మిగతా పప్పుగింజలకంటే ఎంతో ఎక్కువ, 35 శాతం పైనే. మంచిదని విని కొందరు పచ్చి సోయాను గోధుమల్లో కలిపి గిర్నీ పట్టిస్తున్నారు. రొట్టె పెనం మీద ఉండే ఆ కొద్దిసేపట్లో సోయాలోని నిరోధకాలు పూర్తిగా నశించవు. 1917లోనే అమెరికా శాస్త్రవేత్తలు ఆస్‌బర్న్, మెండెల్ ఈ సంగతి చూపించారు. పచ్చి సోయా తిన్న ఎలుకలు ఎదగలేదు. ఉడికించిన సోయా తిన్నవి ఎదిగాయి.

కాబట్టి సోయాను శుభ్రం చేసి, మరిగే నీళ్లలో వేసి 20 నుంచి 30 నిమిషాలు ఉడికించి, నీళ్లు వంపి, ఎండలో గలగలా ఎండబెట్టి, అప్పుడు గిర్నీకి పంపాలి. 9 కిలోల గోధుమలకు ఒక కిలో సోయా సరిపోతుంది. పెరటి కోళ్లకు కూడా పచ్చి సోయా వేయవద్దు. పిల్లల్లో ఎదుగుదల ఆగిపోతుంది. వేయించో, ఉడికించో వేయాలి.

పిల్లలకు, ముసలివాళ్లకు

ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు చాలు. ఆ తరువాత మెత్తగా ఉడికించి మెదిపిన పెసరపప్పు అన్నంతో మొదలుపెట్టండి. గింజకు గింజగా పెట్టవద్దు, గొంతులో అడ్డుపడుతుంది. వేయించడం వల్ల కూడా గింజ తేలికవుతుంది. జాతీయ పోషకాహార సంస్థ బలహీనంగా ఉన్న పిల్లల కోసం రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు ఉంటాయి. ఇవన్నీ మన ఇంట్లో ఉన్నవే. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో కూడా వేయించిన గోధుమ, శనగపప్పు ఉంటాయి. దాన్ని పిల్లలకే పెట్టండి.

పళ్లు లేని ముసలివాళ్లకు గుడాలను మెదిపి, తొక్క తీసి పెట్టవచ్చు. రాత్రి పూట కంటే పగటి పూట పెడితే వారికి ఇబ్బంది తక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఎలా వండినా కడుపునొప్పి తగ్గకపోయినా, విరేచనంలో రక్తం పడినా, మనిషి చిక్కిపోతున్నా దాన్ని గ్యాసు అనుకుని ఊరుకోవద్దు. ఆసుపత్రికి వెళ్లాలి.

కొద్దికొద్దిగా అలవాటు చేయండి

చాలాకాలం మానేసిన మనిషి ఒకేసారి గిన్నెడు గుడాలు తింటే ఎంత బాగా వండినా కడుపు ఉబ్బుతుంది. మొదటి వారం రెండు, మూడు చెంచాలతో, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. వారం వారం పెంచండి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు కొత్త తిండికి సర్దుకోవడానికి కొంత సమయం కావాలి.

దీనికి రుజువు కూడా ఉంది. రోజూ అర కప్పు గింజలు కొన్ని వారాల పాటు తిన్నవారిని గమనించిన అమెరికా అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. మొదటి వారంలో కూడా గ్యాసు పెరిగిందన్నవారు సగం మంది కంటే తక్కువే. మన బొబ్బెర్ల జాతి గింజలు తిన్నవారిలోనైతే నూటికి 19 మందే ఆ మాట అన్నారు. వారాలు గడిచేకొద్దీ ఆ సంఖ్య కూడా తగ్గింది. అంటే పడదనుకుని భయపడేవారిలో చాలామందికి నిజానికి పడుతుంది.

ఇంటి గింజ ముందు పక్కన పెట్టండి

పాత గింజ ఎంత ఉడికించినా ఉడకదని ఆడవాళ్లు చెప్పేది నిజమే. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి ఉన్న గింజ లోపల మార్పులు వచ్చి గట్టిపడుతుంది. రేకుల కప్పు కింద ఎండాకాలమంతా ఉన్న సంచిలో ఇదే జరుగుతుంది. ఇంటికి వాడుకునే గింజను పంటి కింద కటుక్కుమనే దాకా ఎండబెట్టి, చల్లారిన తరువాత మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, చల్లటి గదిలో పెట్టండి. పుచ్చు పురుగు కూడా తగ్గుతుంది. పాత గింజ ముందు, కొత్త గింజ తరువాత వాడండి.

ఎంత దాచుకోవాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2000 కిలోకేలరీల తిండి తినే మనిషికి 85 గ్రాముల పప్పుగింజలు సూచించారు. మాంసం, గుడ్లు తినేవారు అందులో కొంత వాటితో భర్తీ చేసుకోవచ్చు. అంత కుదరకపోయినా మనిషికి 50 గ్రాములు వేసుకోండి. ఐదుగురు ఉన్న ఇంటికి రోజుకు పావుకిలో. నెలకు ఏడున్నర కిలోలు. ఏడాదికి 90 కిలోల పైచిలుకు, అంటే క్వింటాలుకు కొంచెం తక్కువ. ఇందులో కంది, పెసర, బొబ్బెర, ఉలవ కలగలిపి ఉంటే ఇంకా మంచిది.

కల్లంలో కందులు తూర్పారపట్టగానే మొత్తం మార్కెట్‌కు తోలి, నాలుగు నెలల తరువాత దుకాణంలో కిలో, అరకిలో చొప్పున కందిపప్పు కొనుక్కునే రైతులు ఎందరో. అమ్మేటప్పుడు గింజ ధర, కొనేటప్పుడు పప్పు ధర. నడుమ తేడా మన జేబులోంచే పోతుంది. అందుకే ముందు ఇంటి గింజను కొలిచి పక్కన పెట్టండి, మిగిలింది అమ్మండి. కొద్ది భూమి ఉన్నవారు కూడా గట్ల మీద, పెరట్లో బొబ్బెర, అనుములు పెట్టుకోవచ్చు.

గింజ నిల్వ గురించి, మొలకల గురించి, పప్పు రకాల గురించి సందేహాలు ఉంటే జమ్మికుంటలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడగవచ్చు. మహిళా సంఘాల సమావేశాల్లో కూడా ఈ పద్ధతులను చేసి చూపించుకుంటే పదిమందికి ఉపయోగపడుతుంది.

గుర్తుంచుకోవలసినవి

* గింజకు మూడు, నాలుగు రెట్ల నీళ్లు పోసి రాత్రంతా నానబోయాలి.
* నానబోసిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో వండాలి.
* పులుపు చివరలోనే వేయాలి. తినే సోడా అవసరమైతేనే, చిటికెడే.
* వేళ్ల మధ్య మెదిగే దాకా ఉడికించాలి.
* రాజ్మా 10 నిమిషాలు గలగలా తెర్లాలి. పచ్చి సోయా మనిషికీ, కోడికీ పనికిరాదు.
* మొలకలను ఆవిరి పట్టించి తినాలి.
* కొద్ది మోతాదుతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి.
* పంట రాగానే ఇంటికి కావలసిన గింజను ముందు పక్కన పెట్టుకోవాలి.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పెసలో, బొబ్బెర్లో నీళ్లలో పోసి పెట్టండి. రేపు నీళ్లు మార్చి, మెత్తగా ఉడికించి, ఇంత ఉల్లిగడ్డ, జిలకర పోపు వేసి, ఇంటిల్లిపాదికీ రెండేసి చెంచాలు పెట్టి చూడండి.